పీహెచ్‌డీ తర్వాత ఏంటి అని మొదలుపెట్టి గ్లాస్‌వేర్ దగ్గర ఆగాం

అక్క: హలో, హలో... వస్తోందా? ఆ ఫ్యాన్ ఆపెయ్ రా, పోయినసారి ఆ సౌండ్‌కి ఎంతమంది మెసేజ్‌లు పెట్టారో.

తమ్ముడు: ఆపేశా అక్కా. ఇంక చెమటలే.

అక్క: పర్లేదు. అందరికీ నమస్కారం. ఈ వారం టాపిక్ మీరు ఎప్పట్నుంచో అడుగుతున్నదే, లైఫ్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ అయ్యాక ఏంటి. పోస్ట్‌డాక్‌కి, అంటే పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్ళు చేసే రీసెర్చ్‌కి వెళ్ళాలా, హైదరాబాద్ పక్కన బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో ఏదైనా కంపెనీలో చేరాలా, టీచింగ్ సైడ్ వెళ్ళాలా. అడిగినవాళ్ళలో ఎక్కువమంది ఫోర్త్ ఇయర్, ఫిఫ్త్ ఇయర్ వాళ్ళు, అంటే నిద్రపట్టని వాళ్ళు అన్నమాట.

తమ్ముడు: అయితే ముందు మన సైంటిస్ట్ సుబ్బారావుగారి గురించి ఒక్క మాట...

అక్క: వద్దు.

తమ్ముడు: ఈసారి నిజంగా సంబంధం ఉంది అక్కా.

అక్క: ప్రతిసారీ ఉంటుంది నీకు. ఆయన ఊరు భీమవరం బస్సు ఎక్కకుండా ఎపిసోడ్ గడవదు. తర్వాత ఎక్కుదువుగానీ. ముందు డబ్బు సంగతి చెప్పు, కొత్తగా ఎమ్మెస్సీ నుంచి వినేవాళ్ళు ఉన్నారు.

తమ్ముడు: డబ్బు అంటే, సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్, అంటే సీనియర్ ఫెలోషిప్ అయితే 42,000, 2023 జనవరి నుంచి ఇదే లెక్క, హాస్టల్ లేకపోతే ఇంటద్దె, అదే హెచ్‌ఆర్‌ఏ, అదనం. పరీక్ష మొత్తం 200 మార్కులు, అందులో పార్ట్ సీకే 100, 75 ప్రశ్నలు ఇస్తారు 25 రాయాలి, అక్కడే అందరం పడేది లేచేది. జేఆర్‌ఎఫ్ రాకుండా సెంట్రల్ యూనివర్సిటీలో ఎంట్రన్స్ రాసి చేరిన వాళ్ళకి నాన్ నెట్ ఫెలోషిప్ నెలకి 8,000. అదే బెంచ్, అదే గైడ్, పక్కపక్కనే కూర్చుని అదే పీసీఆర్ పెట్టుకుంటారు, ఒకరికి 37 వేలు, ఒకరికి 8 వేలు. దీని గురించి నాకు ఎప్పుడూ కడుపు మండుతుంది.

అక్క: నాకూ మండుతుంది. ఆ 8,000తో హైదరాబాద్‌లో ఉండి ఇంటికి కూడా పంపేవాళ్ళని చూశాను నేను. ఎలా బతికారో వాళ్ళకే తెలియాలి.

తమ్ముడు: ఇంతకీ నువ్వు పొద్దున ఫోన్‌లో ఏదో అన్నావు, బ్లూ కలర్ అని.

అక్క: ఆ, అది మనవాళ్ళకి చెప్పాల్సిందే. నాకు తెలిసిన ఒక యూనివర్సిటీ ల్యాబ్, పేరు వద్దు, అక్కడ ఒకమ్మాయి ఏటీపీఏజ్ అసే చేస్తోంది, అంటే కణాలకి శక్తినిచ్చే ఏటీపీని విరగ్గొట్టే ఎంజైమ్ ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష. ఎంజైమ్ ఏటీపీని విరగ్గొడితే ఫాస్ఫేట్ బయటికొస్తుంది కదా, దానికి యాసిడ్‌లో అమ్మోనియం మాలిబ్డేట్ వేసి, రిడ్యూసింగ్ ఏజెంట్ వేస్తే నీలం రంగు, ఎంత నీలం అయితే అంత ఫాస్ఫేట్. మరి పోల్చి చూడటానికి పెట్టే ఖాళీ ట్యూబు, అదే బ్లాంక్, దాంట్లో ఎంజైమూ లేదు, ఏటీపీ కూడా లేదు, తెల్లగా నీళ్ళలా ఉండాలి. ఉండట్లేదు. ఒక రోజు లేతగా, ఒక రోజు ముదురు నీలం. బఫర్ మార్చింది, కొత్త మాలిబ్డేట్ బాటిల్ తెప్పించింది, బాగా శుద్ధిచేసిన మిల్లీక్యూ నీళ్ళు పక్క ల్యాబ్ నుంచి తెచ్చుకుంది. సెమిస్టర్ సగం దానికే పోయింది.

తమ్ముడు: ట్యూబులు.

అక్క: ట్యూబులే! సర్ఫ్‌తో కడిగారు వాటిని. చాలా డిటర్జెంట్లలో ఫాస్ఫేట్ ఉంటుంది, గాజుకి పట్టుకుని అలాగే ఉండిపోతుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినట్టే, ఒక్కసారి చాలు. ఆ ల్యాబ్‌లో ఇంతకుముందు ఒక పెద్దాయన ఉండేవాడు, అటెండర్. ఫాస్ఫేట్ ట్యూబులకి ఆయన దగ్గర వేరే ట్రే, ఎర్ర టేపు అతికించి ఉండేది. సబ్బు తగలనిచ్చేవాడు కాదు. డైల్యూట్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున కుళాయి నీళ్ళు, తర్వాత డిస్టిల్డ్ వాటర్ రెండు మూడు సార్లు తిప్పి, బోర్లించి, ఓవెన్‌లో పెట్టేవాడు. ఎవరైనా పొరపాటున మామూలు ట్యూబు ఆ ట్రేలో పడేస్తే మొత్తం ట్రే మళ్ళీ యాసిడ్‌లోకి వెళ్ళేది. ఆయన రిటైర్ అయ్యాడు. పోస్టు నింపలేదు. ఏజెన్సీ నుంచి ఒకరు వస్తారు, కొన్ని నెలలకి మారిపోతారు, వాళ్ళకి ఆ ఎర్ర టేపు అంటే ఏంటో చెప్పేవాడు లేడు.

తమ్ముడు: ఇదిగో అందుకే అంటున్నా సుబ్బారావుగారు...

అక్క: రానీ, ఇప్పుడు రానీ.

తమ్ముడు: ఆ నీలం రంగు పద్ధతి ఆయనదే కదా! హార్వర్డ్‌లో ఫిస్కె, సుబ్బారావు ఇద్దరూ కలిసి, 1925. మన ఎల్లాప్రగడ సుబ్బారావు, భీమవరంలో పుట్టి, మద్రాసులో మెడిసిన్ చదివి, హార్వర్డ్ వెళ్ళినాయన. ఈ రోజుకీ ప్రపంచంలో ఫాస్ఫేట్ కొలిచే ల్యాబుల్లో ఆ ఇద్దరి పేరు మీదే ఆ మెథడ్ నడుస్తుంది. దాంట్లో నాకు బాగా ఇష్టమైన విషయం చెప్తా విను, కండరం నుంచి తీసిన శాంపిల్‌లో ఆ రంగు మామూలు స్పీడ్‌తో రాలేదు, మెల్లగా వచ్చింది. ఎందుకు మెల్లగా వస్తోంది అని ఆగి చూశారు, చూస్తే అక్కడ ఫాస్ఫేట్ విడిగా లేదు, కండరంలో ఉండే క్రియాటిన్ అనే పదార్థానికి అతుక్కుని ఉంది, కొంచెం కొంచెంగా ఊడి వస్తోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. ఇంకో రెండేళ్ళకి ఏటీపీ. కండరం శక్తి ఎక్కడ దాచుకుంటుంది అన్నది అలా బయటపడింది, రంగు కాస్త లేటైందని!

అక్క: అవును... అది అద్భుతమే.

తమ్ముడు: ట్యూబు మీద నమ్మకం లేనివాడు ఆ లేటుని పట్టించుకుంటాడా? మురికి ట్యూబు అయి ఉంటుందిలే అని పారబోస్తాడు.

అక్క: సరిగ్గా నేననేది అదే. అందుకే ఆ పెద్దాయన పోస్టు పర్మనెంట్‌గా ఉండాలి. ఆ పోస్టు కూడా రీసెర్చే.

తమ్ముడు: ఇక్కడే నీతో ఒప్పుకోను అక్కా. ట్యూబులు ఆ అమ్మాయే కడుక్కోవాలి. తన అసే తనది. పీహెచ్‌డీ అంటే ట్రైనింగ్, చేతులు తడవకుండా ట్రైనింగ్ ఏంటి? మా గైడ్ మొదటి ఆర్నెల్లు నాతో పిపెట్, అంటే కొద్దికొద్దిగా ద్రవం కొలిచి తీసే పరికరం, సరిగ్గా కొలుస్తోందో లేదో చూసే క్యాలిబ్రేషన్ చేయించారు, నీళ్ళు తూకం వేయించారు, అప్పుడు ఏడుపొచ్చింది గానీ ఇప్పుడు ఏ పిపెట్ పట్టుకున్నా చేతికి తెలిసిపోతుంది.

అక్క: నేర్చుకోవద్దని ఎవరన్నారు? నేర్చుకోవాలి. కానీ ఎవరి దగ్గర నేర్చుకుంటారు, అది చెప్పు.

తమ్ముడు: సీనియర్ దగ్గర.

అక్క: సీనియర్ వెళ్ళిపోతాడు కదరా! ఐదేళ్ళకి థీసిస్ సబ్మిట్ చేసి, బ్యాగు సర్దుకుని జర్మనీ పోతాడు. ప్రాజెక్ట్ అసిస్టెంట్ అయితే ప్రాజెక్ట్ ఉన్నన్నాళ్ళే, మహా అయితే మూడేళ్ళు. గైడ్ బెంచ్ దగ్గరికి వచ్చి ఎన్నేళ్ళయిందో, ఆవిడకి క్లాసులు, కమిటీలు, గ్రాంట్ రిపోర్టులు. ఇంక ల్యాబ్‌లో ఎప్పుడూ ఉండే మనిషి ఎవరు? ఎవరూ లేరు. మైనస్ 80 ఫ్రీజర్ తలుపు తీసి చూడు ఏ ల్యాబ్‌లోనైనా. వరసగా బాక్సులు, ఒక్కో దాంట్లో 81 ట్యూబులు, మంచు గడ్డకట్టి ఉంటుంది, మూత మీద ఏదో రాసి ఉంటుంది, మార్కర్ ఇథనాల్ తగిలి సగం చెరిగిపోయి, పీ ఆర్ ఫోర్ క్లోన్ ఏదో, అంటే కాపీ చేసి దాచిన డీఎన్‌ఏ ముక్క. ఎవరిది ఆ క్లోన్? దాన్ని కాపీ చెయ్యడానికి ఏ ప్రైమర్లు, అంటే ఏ చిన్న డీఎన్‌ఏ ముక్కలు వాడారు? ఆ మనిషి ఇప్పుడు బోస్టన్‌లో, మెయిల్ పెడితే గుర్తులేదంటాడు. మళ్ళీ మొదట్నుంచి క్లోన్ చేస్తారు, ఇంకో ఏడాది. ప్రభుత్వం డబ్బు రెండోసారి ఖర్చు.

తమ్ముడు: నోట్‌బుక్ సరిగ్గా రాస్తే ఆ సమస్య ఉండదు.

అక్క: సరిగ్గా రాశారా లేదా చూసేది ఎవరు?

తమ్ముడు: ...

అక్క: చెప్పు.

తమ్ముడు: నువ్వు గొంతు పెంచకు అక్కా, నేను వ్యతిరేకం కాదు.

అక్క: పెంచట్లేదు. బాధగా ఉంది అంతే. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి అక్కా నేను సైన్స్‌కి పనికిరానేమో అంది. పనికిరాకపోవడం ఏంటి, తన తప్పు ఇసుమంత లేదు దాంట్లో. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఒక ట్యూబు కడగడం తెలిసిన మనిషి లేక, తన మీద తను నమ్మకం పోగొట్టుకుంటోంది.

తమ్ముడు: ...అది మాత్రం తప్పే. ఇప్పుడెలా ఉంది?

అక్క: ఎర్ర టేపు మళ్ళీ అతికించింది. బ్లాంక్ తెల్లగా వస్తోంది.

తమ్ముడు: హమ్మయ్య.

అక్క: ఇప్పుడు నేను పనిచేసేది వ్యాక్సిన్ ప్లాంట్‌లో కదా, అక్కడ చూడు, కడగడానికి ఎస్‌ఓపీ, అంటే రాసిపెట్టిన పద్ధతి ఉంటుంది. వెసెల్ కడిగాక ఆఖరి నీళ్ళు శాంపిల్ తీసి, కండక్టివిటీ చూసి, ఆర్గానిక్ కార్బన్ ఎంతుందో చూసి, అప్పుడు క్లీన్ అని సంతకం పెడతారు, ఇంకొకరు చెక్ చేసి రెండో సంతకం పెడతారు. క్లీనింగ్ వ్యాలిడేషన్ అని దానికో టీమే ఉంటుంది, అందులో పీహెచ్‌డీ చేసినవాళ్ళు కూడా ఉంటారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి సీఎస్‌ఐఆర్ ప్రభుత్వ ల్యాబుల్లో టెక్నికల్ ఆఫీసర్ అని ఒక కేడర్ ఉంది, ప్రమోషన్లు ఉంటాయి, ఒక మైక్రోస్కోప్‌ని ఇరవై ఏళ్ళు చూసుకున్నవాళ్ళు ఉంటారు, ఆ మెషిన్ దగ్గుతోందో తుమ్ముతోందో వాళ్ళకి తెలుస్తుంది. యూనివర్సిటీలో ఎందుకు ఉండకూడదు అంటున్నా. పీహెచ్‌డీ తర్వాత ఏంటి అని అడుగుతున్నారు కదా, అందరూ ప్రొఫెసర్ అవ్వలేరు, అన్ని సీట్లు లేవు. పని బాగా తెలిసి, చెయ్యి మంచిదై, క్లాసు చెప్పడం ఇష్టంలేని వాళ్ళకి అక్కడ ఒక ఉద్యోగం ఉండాలి, గౌరవంతో, పెన్షన్‌తో.

తమ్ముడు: ఇది నేను ఒప్పుకుంటా. గచ్చిబౌలిలో హెచ్‌సీయూ, అదే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, వాళ్ళ టమాటా కలెక్షన్ చూడు, ప్లాంట్ సైన్సెస్ వాళ్ళు టమాటా జీనోమిక్స్ రిపాజిటరీ పెట్టారు కదా, మ్యుటెంట్ లైన్లు, అంటే జన్యువులు మారిన మొక్కల రకాలు అన్నీ. విత్తనం ఎక్కువ కాలం మామూలుగా పెడితే మొలకశాతం పడిపోతుంది, మధ్యమధ్యలో మళ్ళీ నాటి, కొత్త విత్తనం తీసి, లైన్లు కలిసిపోకుండా, లేబుల్ మారకుండా చూడాలి. అలాంటి పని ఒక స్టూడెంట్ థీసిస్‌లో ఇమడదు.

అక్క: అదీ! థీసిస్‌లో ఇమడదు, పేపర్‌లో పేరు రాదు. కానీ అది లేకపోతే పేపరే రాదు.

తమ్ముడు: సుబ్బారావుగారు కూడా హార్వర్డ్‌లో పర్మనెంట్ కాలేదు తెలుసా. అంత చేసి. తర్వాత లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీకి వెళ్ళారు, 1940లో. ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్, బోదకాలుకి హెట్రజాన్, క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్, ఇవన్నీ ఆయన టీమ్ అక్కడ చేసినవే. కాబట్టి ఇండస్ట్రీకి వెళ్తే సైన్స్ వదిలేసినట్టు అని మీ హెచ్‌ఓడీ ఎవరైనా అంటే ఈ లిస్టు చదివి వినిపించండి. టాపిక్‌కి సంబంధం ఉందన్నానా లేదా?

అక్క: ఉంది రా, ఈ ఒక్కసారికి ఉంది. [నవ్వు] అయ్యో, టాపిక్. టైమ్ ఎంతైంది?

తమ్ముడు: అయిపోవచ్చింది.

అక్క: గబగబా చెప్పేద్దాం. పోస్ట్‌డాక్ ఇక్కడే చెయ్యాలంటే నేషనల్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ ఉంది, ఇదివరకు సెర్బ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చేది, 2023 చట్టం తర్వాత దాని స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ కిందికి వచ్చింది, రెండేళ్ళు. ఇండియా అలయెన్స్ వాళ్ళ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఉంది, వాళ్ళ ఆఫీసు హైదరాబాద్‌లోనే. బయటికి వెళ్ళి తిరిగి రావాలనుకుంటే కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, అదే డీబీటీ వాళ్ళ రామలింగస్వామి రీఎంట్రీ ఫెలోషిప్. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ ఐదేళ్ళు. వీటికి వయసు లిమిట్ ఎంతో నోటిఫికేషన్‌లో ముందే చూసుకోండి, సబ్మిషన్ లేటయ్యేకొద్దీ అది దగ్గరికి వచ్చేస్తుంది.

తమ్ముడు: టీచింగ్‌కి, 2023 జూలైలో యూజీసీ మార్చింది, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి జాతీయ స్థాయి నెట్, రాష్ట్ర స్థాయి సెట్, స్లెట్ పరీక్షల్లో ఏదో ఒకటి కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కానీ ఇంటర్వ్యూకి వెళ్తే పక్కన కూర్చున్నవాళ్ళందరికీ పీహెచ్‌డీ ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి.

అక్క: యూజీసీ 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్ ప్రకారం థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ ఉండి తీరాలన్న రూల్ కూడా తీసేశారు. మీ యూనివర్సిటీ తన రూల్ ఏం పెట్టుకుందో అడిగి తెలుసుకోండి, ఊరికే భయపడి ఏ డబ్బులడిగే జర్నల్‌కో పంపించొద్దు. అమ్మాయిలకి 240 రోజుల మెటర్నిటీ లీవు, ఇంకో రెండేళ్ళ గడువు కూడా దాంట్లోనే ఉన్నాయి, అడగడానికి మొహమాటపడొద్దు. అది మీ హక్కు, మీ గైడ్ చేసే ఉపకారం కాదు.

తమ్ముడు: ఇండస్ట్రీలో రోల్స్ గురించి?

అక్క: అది చాలా ఉంది, కణాలు పెంచే అప్‌స్ట్రీమ్, తయారైనదాన్ని శుద్ధిచేసే డౌన్‌స్ట్రీమ్, నాణ్యత చూసే క్యూసీ, అనుమతుల పని చూసే రెగ్యులేటరీ, ఒక్కోటి ఒక్కో లోకం. రెగ్యులేటరీ వాళ్ళని ఒకరిని పిలుద్దాం. రెజ్యూమేలో మాత్రం టెక్నిక్‌ల పేర్లు నింపకండి, ఏ మెషిన్ చెడిపోతే మీరు బాగుచేశారు, ఏ అసేని నిలబెట్టారు, అది రాయండి. ఇంటర్వ్యూలో నేను ముందు అడిగేది...

తమ్ముడు: అక్కా, తొమ్మిదైంది, ట్యూబుల్ని బాగా వేగంగా తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ స్లాట్ నాది. లేటైతే రిజిస్టర్‌లో కొట్టేస్తారు.

అక్క: వెళ్ళు వెళ్ళు. ట్యూబులు బ్యాలెన్స్ చేశావా?

తమ్ముడు: మిల్లీగ్రామ్ వరకు.

అక్క: పని అయిపోయాక ట్యూబులు పెట్టి తిప్పే ఆ రోటర్‌ని తుడిచి బోర్లించి పెట్టు, నీ తర్వాత ఎవరో ఉంటారు.

తమ్ముడు: పెడతాలే. ఆపేస్తున్నా.