బ్లేడుకున్న నీళ్లు మనిషికి లేవా?

(నల్లగొండ జిల్లాలో ఇంజనీర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, పిల్లలకు నమస్కారం. శాలువాలతోనే నా టైం సగం అయిపోయింది కాబట్టి నేరుగా రాయి దగ్గరికే వస్తా.

నీళ్లతో గ్రానైట్ తెగుతుందా? తెగుతుంది. అమెరికాలోని రోలాలో, అక్కడి యూనివర్సిటీ వాళ్లు దాదాపు 160 టన్నుల గ్రానైట్‌ను నీటి ధారతో చెక్కి, 1984లో ఇంగ్లండ్‌లోని పురాతన రాతి కట్టడం స్టోన్‌హెంజ్‌కు సగం సైజు నమూనా నిలబెట్టారు. ధార ఒత్తిడి సుమారు 1,000 బార్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యింతలు. మన నాగార్జునసాగర్ డ్యాం 124 మీటర్ల ఎత్తు. అంత లోతు నీళ్ల అడుగున కూడా ఒత్తిడి 12 బార్లే. లెక్క మీరే కట్టుకోండి.

గ్రానైట్‌ను నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. గింజకూ గింజకూ మధ్య సన్నటి పగుళ్లుంటాయి. ధార వాటిలో దూరి లోపలి నుంచి విడదీస్తుంది. ధార బయటికొచ్చే మూతుల, అంటే నాజిళ్ల, బొమ్మలు కూడా తెచ్చాను. అవి తర్వాత.

మా చిన్నాయన క్వారీలో జాక్‌హామర్ డ్రిల్లు పట్టేవాడు. పొడి రాతిలో బెజ్జాలు వేసి సాయంత్రానికి పిండిమిల్లులోంచి వచ్చినట్టు వచ్చేవాడు. దగ్గు మొదలైతే టీబీ అన్నారు. మందులు కోర్సులకు కోర్సులు మింగాడు, తగ్గలేదు. అది సిలికోసిస్. కంటికి కనిపించనంత సన్నటి రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగబడితే మాన్పే మందు లేదు. గనుల చట్టం కింద నోటిఫై చేసిన జబ్బు ఇది, అంటే పనివాళ్లకు వస్తే సర్కారుకు తెలపాల్సిన జబ్బు. అయినా ఆస్పత్రి కాగితాల్లో చిన్నాయన చివరిదాకా టీబీ పేషెంటే. టీబీ పేషెంటుకు పరిహారం ఎవరిస్తారు?

డ్రిల్లుకు నీళ్లు పెట్టించండి సార్ అని అడిగితే యజమాని ఏమన్నాడో తెలుసా? 'మనుషులకే నీళ్లు లేవు, రాళ్లకెక్కడ తెద్దాం?' అన్నాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన జిల్లాలో ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టమే. కానీ అదే క్వారీలో కోత మిషన్‌కు పొద్దంతా నీళ్లు పారేవి! వేడెక్కితే బ్లేడు పాడవుతుందట. బ్లేడుకున్నాయి, మనిషికి లేవు.

రాయిని కోసే ఆ నీటి ధార పంపు, వాటర్‌జెట్, ఖరీదైనదే, నాజిళ్లు అరిగిపోతాయి, ప్రతి క్వారీ రేపే కొనాలని నేననను. కానీ డ్రిల్లు రాడ్డు మధ్యలో బోలుగానే ఉంటుంది కదా. అందులోంచి సన్నగా నీళ్లు వదిలితే దుమ్ము లేవకుండా బురదై జారుతుంది. దానికి 1,000 బార్లు అక్కర్లేదు, చిన్న పంపు చాలు.

పిల్లలూ, మీ ఇళ్లల్లో రాతి పనికి పోయేవాళ్లెందరు? చేతులెత్తండి. చూశారా సార్, వెనక వరసలన్నీ లేచాయి. ఇంటికి పోయి డ్రిల్లుకు నీళ్ల పైపు ఉందా అని అడగండి. దగ్గుంటే ఎక్స్‌రే తీయించండి, రాతి పని చేస్తామని డాక్టరుకు చెప్పి చీటీ మీద రాయించుకోండి. నాజిళ్ల బొమ్మలు కావాల్సినవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి.