వందకు కొట్టు

(హన్మకొండలో జాతీయ వినియోగదారుల దినోత్సవ సభలో ఒక రిటైర్డ్ అర్థశాస్త్ర లెక్చరర్ ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంట పోతే నాకిచ్చిన పది నిమిషాలు ఆడ్నే ఒడుస్తయి. 1986ల ఇదే డిసెంబర్ 24 నాడు వినియోగదారుల చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది, అందుకే ఈ సభ. నాకిచ్చిన అంశం ‘పెట్రోల్ ధరలు, ప్రజల స్పందన’. ధరల గురించి నేను చెప్తా. స్పందన ఏడున్నదో మీరు చూపెట్టాలె.

వెనకట యాది చేసుకోండ్రి. అర్ధరాత్రి నుంచి రేటు పెరుగుతదని టీవీల రాంగనే బంకుల కాడ బారెడు లైన్లు. తెల్లారి ధర్నా, ఎడ్లబండి మీద మోటర్‌సైకిల్ పెట్టి ఊరేగింపు. 2010ల పెట్రోల్ మీద, 2014ల డీజిల్ మీద సర్కారు ధర కట్టుడు బంద్ పెట్టింది. 2017 జూన్ 16 నుంచి దినాం రేటు మారుడు షురూ. ఇయ్యాల ఇరవై పైసలు, రేపు ముప్పై. ముప్పై పైసలకు ఎవడు రోడ్డెక్కుతడు? 2018 సెప్టెంబర్ 10న భారత్ బంద్ అయింది, కాదనను. తెల్లారే మళ్ల పెరిగింది.

దినాం మారే రేటు 2021 నవంబర్ నుంచి 137 రోజులు కదల్లే. ఐదు రాష్ట్రాల్ల ఎన్నికలు మరి! ఓట్ల లెక్క అయినంక 2022 మార్చి 22న కదిలింది. 16 రోజులల్ల 14 సార్లు, మొత్తం పది రూపాయలు. ముడిచమురుకు ఎన్నికల తారీఖులు ఎవరు చెప్పిండ్రో నాకైతే తెల్వది.

పెరిగితే ముడిచమురు పీపా ధర పెరిగిందంటరు. మరి తగ్గినప్పుడు? 2020 ఏప్రిల్‌ల మనం కొనే చమురు పీపా 20 డాలర్ల దగ్గరికి పడ్డది. మే నెలల కేంద్రం పెట్రోల్ మీద లీటరుకు 10, డీజిల్ మీద 13 రూపాయల సుంకం ఎక్కిచ్చింది. 2014ల లీటరుకు 9.48 రూపాయలున్న పెట్రోల్ ఎక్సైజ్ సుంకం 32.98 అయింది. లాక్‌డౌన్ల బండి తీసినోడు లేడు, అడిగినోడు లేడు. రాష్ట్రం తక్కువ తిన్నదా? పెట్రోల్ మీద 35.2 శాతం వ్యాట్, అది గూడ కేంద్రం సుంకం కలిపినంక. 2021 నవంబర్‌ల కేంద్రం సుంకం దించింది, చానా రాష్ట్రాలు వ్యాట్ దించినయి. మనది దించలే.

అసలు సంగతికొస్త. మన టౌన్ల ఒక బంకు, పేరెందుకు. నా ముంగటోళ్లంత ‘వందకు కొట్టు’, ‘నూటపదికి కొట్టు’. వందంటే తక్కువ పడేటట్టు మిషన్ల ముందే సెట్ చేసుంటరని నూటపది అంటరు, అదో తెలివి! లీటర్ల లెక్క అడిగినోడు ఒక్కడు లేడు. జేబుల నుంచి పోయే నోటు మారదు, ట్యాంకుల పడేది తగ్గుతది. ఇగ పెరిగినట్టెట్ల తెలుస్తది? 2021ల రేటు నూరు దాటినప్పటి సంది వందకు లీటరే రాదాయె.

నేను ఐదు లీటర్ల కొలపాత్ర తెమ్మన్న. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న పాత్ర బంకుల ఉండాలె, అడిగితే పోసి చూపెట్టాలె. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకనే తేడా మాఫీ. పిలగాడు మేనేజర్ దిక్కు చూసిండు. ‘తాళం లేదు సార్.’ నేను కదల్లే. ఆఖరికి తెచ్చిండ్రు, లోపల సాలెగూడు. కడిగిచ్చిన. ఒకపారి పెట్రోల్‌తోని తడిపి ఒంపిచ్చిన, పొడిపాత్రల పోస్తే లెక్క తప్పుతది. మళ్ల పోసిండు. మెడకాడి గీతకు కిందనే ఆగింది. ఎంత కిందనో వంగి చూస్తున్న, వెనకనుంచి హారన్లు! ‘ఓ పెద్దమనిషీ, డ్యూటీకి లేటైతుంది, జరుగు!’ తిట్టింది బంకోళ్లు కాదయ్యా, నా వెనకున్న మనోళ్లు. తక్కువ పోయించుకునేది గూడ వాళ్లేనాయె!

అధ్యక్షులు గడియారం చూస్తున్నరు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే ట్రాలీల కిరాయి, డీజిల్ సంగతి రాసుకొచ్చిన, ఉండనీయండ్రి. ఆదివారం పొద్దుగాల ఎనిమిదింటికి నేను మళ్ల అదే బంకుకు పోతున్న. ఐదారుగురు బండ్లేసుకొని రండ్రి. కొలపాత్ర నేనే అడుగుత, మాట నేనే పడుత. మీరు నా వెనక లైన్ల నిలబడి హారన్ కొట్టకుంట ఉండుండ్రి, గంతే.