పగ్గం లాగితే గుర్రం ఎందుకు పరిగెడుతుంది?

అందరికీ నమస్కారం. రైడింగ్ స్కూల్ నడిపేవాళ్లు, నేర్పేవాళ్లు, గుర్రాల్ని చూసుకునే సైసులు ఒకేచోట కూర్చోవడం అరుదు. అందుకని అందరికీ పనికొచ్చే ఒక్క విషయమే తీసుకుందాం. పందేలు మానేసి మన షెడ్డుకు చేరిన రేసు జాతి గుర్రం థరోబ్రెడ్‌ను కొత్తవాళ్లు ఎక్కే గుర్రంగా మార్చడం ఎలా?

హైదరాబాద్ శివారు స్కూళ్లలో మలక్‌పేటలోనో, మరో రేస్‌కోర్సులోనో పరిగెత్తి వచ్చిన గుర్రాలు మీకు తెలిసినవే. "ట్రెయినింగ్ అయిన గుర్రమే కదా" అని కొనేస్తారు. ట్రెయినింగ్ అయిన మాట నిజమే, కాని అది నేర్చిన భాష వేరు. రేసులో జాకీ పగ్గాలు పొట్టిగా పట్టుకుంటాడు, గుర్రం ఆ పట్టు మీద ఆనుకుని పరిగెడుతుంది. నోట్లో బరువు పెరిగిందంటే ఇంకా వేగంగా పొమ్మన్నారని దాని లెక్క. ఇప్పుడు మన దగ్గరికొచ్చిన కొత్త కుర్రాడికి భయం వేసిందనుకోండి. పగ్గాలు లాగి పట్టుకుంటాడు, ముందుకు వంగుతాడు, మడమలతో పక్కటెముకలు నొక్కేస్తాడు. ఆ మూడూ కలిస్తే అచ్చం జాకీ చెప్పే మాటే! గుర్రం మొండిదని తిడతాం గానీ, పాపం, అది చెప్పిన పనే చేసింది.

రాగానే జీను వేసేయకండి. ముందు దాణా సంగతి చూడండి. రేసుల రోజుల్లో రోజుకు అయిదారు కిలోల ఓట్స్ తిన్న జంతువుకు మన తేలికపాటి పనికి ఒకటిన్నర, రెండు కిలోలు చాలు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఇక్కడ కళ్లున్న గుర్రానికే దాణా కోయాలి. ఒక్కరోజులో కాదు, వారం పది రోజుల్లో. 450 కిలోల గుర్రానికి ఎండుగడ్డి రోజుకు 8 కిలోలకు తగ్గకుండా, నాలుగైదు విడతలుగా వేయండి. దాని కడుపు చిన్నది, పైగా వాంతి చేసుకోలేదు. ఒక్కసారే దాణా కుమ్మరిస్తే కోలిక్, అంటే తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది.

తర్వాత పొడవాటి తాడు పట్టుకుని గుర్రాన్ని మన చుట్టూ తిప్పడం. తాడు 7–8 మీటర్లు ఉండాలి, హాల్టర్‌కే (తలకు వేసే పట్టీకే) కట్టాలి, నోట్లో ఉండే కళ్లెం ముక్కకు కాదు. వలయం చిన్నదైతే కీళ్లు దెబ్బతింటాయి, అందుకే పావుగంట మించొద్దు, నాలుగైదు నిమిషాలకోసారి వైపు మార్చండి. మాటలు నేర్పేది ఇక్కడే. సైస్ "రుక్" అని, మాస్టారు "హో" అని, ఓనరు "స్టాప్" అని అంటే ఆ గుర్రానికి మూడూ అర్థం కావు. ఒక్క మాట ఖాయం చేసి షెడ్డు గోడ మీద రాయండి.

ఎక్కేటప్పుడు కదిలిపోవడం ఇంకో తంటా. రేసు గుర్రం నడుస్తుండగానే జాకీ కాలు పట్టి పైకెత్తి కూర్చోబెడతారు. నిలబడి ఉండాలని దానికి ఎవరూ చెప్పలేదు. ఎత్తుపీట పక్కన ఆపండి, రికాబులో కాలు పెట్టి బరువు వేసి దిగిపోండి. కదలకపోతే అక్కడితో వదిలేయండి. రోజుకు పదిసార్లు చేస్తే వారం, రెండు వారాల్లో దారికొస్తుంది. ఎక్కాక గర్త్ పట్టీ (పొట్ట కింద నుంచి జీనును బిగించేది) మళ్లీ చూడాలి. ముందు పొట్ట బిగబట్టిన గుర్రం అప్పుడు గాలి వదులుతుంది, పట్టీ రెండు రంధ్రాలు వదులవుతుంది. జీను పక్కకు జారేది అందుకే.

ఇక అసలు పాఠం ఆగడం. పది అడుగులు నడిపించండి. మొదట నడుము నిటారుగా చేసి, ఊపిరి వదిలి, నడకతో పాటు కదులుతున్న తుంటిని ఆపండి. తర్వాత "హో" అనండి. అప్పటికీ ఆగకపోతేనే పగ్గాల మీద వేళ్లు ముడవండి. లాగడం కాదు, తడిబట్ట పిండినట్టు ముడవడం. డెక్క ఆగిన క్షణంలోనే వేళ్లు వదలాలి. గుర్రం నేర్చుకునేది నొక్కడంలో కాదు, వదలడంలో. రెండు సెకన్లు ఆలస్యమైతే ఆగినందుకు కాదు, తల ఎగరేసినందుకు వదిలారనుకుంటుంది. పూటకు పదిహేను, ఇరవై సార్లు చేయండి. నడకలో కుదరందే ట్రాట్ (దుడుకు నడక) జోలికి వెళ్లొద్దు. ఇక్కడ తొందరపడే మాస్టార్లే ఎక్కువ. క్యాంటర్, అంటే ట్రాట్ కన్నా వేగమైన పరుగు చూపిస్తేనే ఫీజు కట్టేవాళ్లకు తృప్తి.

గుర్రం సిద్ధమైనా కొత్తవాడి చేతికి వెంటనే పగ్గాలు ఇవ్వకూడదు. పాత రికాబు తోలుపట్టీని మెడకు వదులుగా కట్టి, దాన్ని పట్టుకోమనండి. మొదటి నాలుగైదు క్లాసులు తాడు మీదే, అరగంట చొప్పున. రికాబు పొడవుకు సుమారు కొలత: వేళ్ల కొసలు రికాబు తోలు పైకొనకు ఆనిస్తే, రికాబు అడుగు చంకకు తగలాలి. మోకాళ్లతో బిగించి కూర్చుంటే మడమ పైకి లేచి పొట్టలో గుచ్చుకుంటుంది, గుర్రం మళ్లీ పాత భాషలో వింటుంది. ట్రాట్‌లో వలయానికి బయటివైపున్న గుర్రం భుజం ముందుకు వెళ్లినప్పుడు లేవమనండి, వెనక్కి వచ్చినప్పుడు కూర్చోమనండి.

అయినా ఒక్కోసారి లగెత్తుతుంది. రెండు పగ్గాలూ కలిపి లాగితే దానికి ఆనుకునే ఆధారం దొరికినట్టే. ఒక పగ్గం స్థిరంగా ఉంచి, రెండోది లాగుతూ వదులుతూ పెద్ద వలయంలోకి తిప్పండి, క్రమంగా వలయం తగ్గించండి. వేగంలో ఉండగా ఒక్కసారిగా తల తిప్పితే కాళ్లు మెలికపడి గుర్రమే పడుతుంది.

క్లాసు అయ్యాక చివరి పది నిమిషాలు గర్త్ ఒక రంధ్రం వదులు చేసి నడిపించండి. డెక్కలు గీకి శుభ్రం చేసేటప్పుడే నాలుగు కాళ్లనూ మోకాలి కింద నుంచి అరచేత్తో తడమండి. పాత రేసు గుర్రాలకు ముందు కాళ్ల వెనక స్నాయువుల్లో (టెండన్లలో) వేడి ముందుగా తెలుస్తుంది, కుంటడం తర్వాత. ఒక కాలు రెండోదానికన్నా వేడిగా తగిలితే, సాయంత్రం క్లాసుకు ఎంతమంది వచ్చి కూర్చున్నా సరే, ఆ గుర్రాన్ని బయటికి తీయకండి. చల్లనీళ్లు పోసి డాక్టరుకు ఫోన్ చేయండి.