ముక్కూమొహం తెలియని కంప్యూటర్‌లో నడిస్తేనే విడుదల

అందరికీ నమస్కారం.

కొన్నేళ్ల కిందట ఒక రాత్రి, నేను రాసిన చిన్న గ్రాఫ్ లైబ్రరీ (చుక్కలు, వాటిని కలిపే గీతలుగా ఉండే నెట్‌వర్క్‌లను విశ్లేషించే కోడ్) మొదటి వెర్షన్‌ను పైపీఐలో పెట్టాను. పైథాన్ ప్యాకేజీలు దొరికే చోటు అది. ఎనిమిది నెలల పని. టెస్టులన్నీ పాసయ్యాయి, నా లాప్‌టాప్‌లో అంతా చక్కగా నడుస్తోంది. తృప్తిగా పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి ఎవరో తెలియని ఒక విద్యార్థిని నుంచి మెసేజ్ వచ్చి ఉంది: "మేడమ్, ఇన్‌స్టాల్ అయింది. కానీ మొదటి ఉదాహరణ నడిపితే ఫైల్ దొరకలేదు అంటోంది. నా తప్పేమైనా ఉందా?"

ఆమె తప్పేమీ లేదు. లైబ్రరీతోపాటు వెళ్లాల్సిన శాంపిల్ డేటా ఫైల్ అసలు ప్యాకేజీలోకి ఎక్కనేలేదు. నేను ఎప్పుడూ సోర్స్ కోడ్ ఉన్న ఫోల్డర్‌లోనే ఉండి టెస్టులు నడిపేదాన్ని. అక్కడ ఆ ఫైల్ కళ్లెదుటే ఉంటుంది కాబట్టి పైథాన్‌కు దొరికేది. ప్యాకేజీ తయారుచేసేటప్పుడు మాత్రం ఫలానా డేటా ఫైల్‌ను కూడా కలపమని సెట్టింగ్స్‌లో రాయాలి. నేను రాయలేదు. కోడ్ వెళ్లింది, డేటా నా దగ్గరే ఉండిపోయింది.

ఆ మెసేజ్‌లోని చివరి మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నా తప్పేమైనా ఉందా అని అడిగింది చూడండి, అది. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కాకపోతే చాలామంది ముందు తమనే తప్పుపట్టుకుంటారు. నాకు ఇవన్నీ రావులే అనుకుని విండో మూసేస్తారు. మెసేజ్ పెట్టేవాళ్లు చాలా తక్కువ. వ్యాధులు ఎలా పాకుతాయో చూసే డాక్టరుకు, పాత ఉత్తరాల్లో ఎవరు ఎవరికి రాశారో వెతికే చరిత్రకారుడికి గ్రాఫ్ విశ్లేషణ ఎంతో అవసరం. అలాంటివాళ్లనే మనం ఇన్‌స్టలేషన్ గుమ్మం దగ్గర పోగొట్టుకుంటున్నాం. అందుకే నా మటుకు విడుదల అంటే పైపీఐలో ఫైల్ ఎక్కించడం కాదు, నేనెవరో తెలియని మనిషి కంప్యూటర్‌లో అది నడవడం. ఈరోజు మీతో చెప్పాలనుకున్నది ఇదే.

గ్రాఫ్ సాఫ్ట్‌వేర్‌ విషయంలో ఈ ఇబ్బంది కాస్త ఎక్కువే. ఎందుకో చూద్దాం. ఒక నెట్‌వర్క్‌లో ఏ నోడ్, అంటే ఏ చుక్క, ఎంత కీలకమో చెప్పే కొలతల్లో బిట్వీన్‌నెస్ ఒకటి. మిగతా నోడ్ల మధ్య ఉన్న అతి దగ్గరి దారుల్లో ఎన్ని దీని మీదుగా వెళ్తున్నాయో లెక్కపెడుతుంది. దీన్ని వేగంగా లెక్కకట్టే పద్ధతిని ఉల్రిక్ బ్రాండెస్ 2001లో ప్రచురించాడు. ఆ వేగవంతమైన పద్ధతిలో కూడా పని మొత్తం నోడ్ల సంఖ్యను ఎడ్జ్‌ల (నోడ్లను కలిపే గీతల) సంఖ్యతో గుణించినంత ఉంటుంది. లక్ష నోడ్లు, పది లక్షల ఎడ్జ్‌లు ఉన్న నెట్‌వర్క్ తీసుకోండి. పదివేల కోట్ల అడుగులు! అచ్చం పైథాన్‌లో రాసిన కోడ్‌తో ఇది రోజుల తరబడి సాగుతుంది.

కాబట్టి రచయితలు వేర్వేరు దారులు పట్టారు. నెట్‌వర్క్‌ఎక్స్ లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో పుట్టి, 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అది పైథాన్‌లోనే రాసింది, గ్రాఫ్ మొత్తాన్ని డిక్షనరీలో (పేరుతో విలువను వెతికే పైథాన్ పట్టికలో) డిక్షనరీగా దాచుకుంటుంది. చదివితే అర్థమవుతుంది, ఏ కంప్యూటర్‌లోనైనా నిమిషంలో ఎక్కుతుంది, కానీ పెద్ద గ్రాఫ్‌ల మీద మెల్లగా నడుస్తుంది, మెమరీ కూడా బాగా తింటుంది. గాబోర్ చార్డి, తమాష్ నెపుస్ 2006లో ప్రకటించిన ఐగ్రాఫ్‌లో అసలు పనంతా సీ భాషలో జరుగుతుంది. ఆర్ (గణాంకాలకు వాడే భాష), పైథాన్ వాడేవాళ్లు పైనుంచి దాన్ని పిలుస్తారు. టియాగో పెయిషోటో రాసిన గ్రాఫ్-టూల్ ఇంకో అడుగు ముందుకేసి సీ ప్లస్ ప్లస్‌లో, బూస్ట్ లైబ్రరీ మీద నిలబడింది. చాలా వేగం. దాన్ని సోర్స్ నుంచి కంపైల్ చేయబోయినవాళ్లకు, అంటే రాసిన కోడ్‌ను కంప్యూటర్ నేరుగా నడిపే రూపంలోకి మార్చబోయినవాళ్లకు, మాత్రం ఓపిక, మెమరీ రెండూ కావాలి. అందుకే ఎక్కువమంది తయారైన ప్యాకేజీలు అందించే కోండా ద్వారా తెచ్చుకుంటారు.

వేగం కావాలంటే కంపైల్ చేయాలి, కంపైల్ అనగానే ఇన్‌స్టలేషన్ కష్టమవుతుంది. విండోస్‌లో పైథాన్ వాడినవాళ్లు ఈ ఎర్రర్ చూసే ఉంటారు: మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 కావాలి అని ఎర్ర అక్షరాలు. తన డేటాలో గుంపులు ఎక్కడున్నాయో చూసుకుందామని వచ్చిన మనిషికి, ముందు కొన్ని జీబీల కంపైలర్ దించుకో అని చెప్పడం అది. టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది?

దీనికి మందు వీల్. 2012లో ప్రతిపాదించిన ఈ ప్యాకేజీ పద్ధతిలో, కంపైల్ చేసే శ్రమ రచయిత పడతాడు. వాడేవాళ్లకు తయారైన సరుకు అందుతుంది. కాకపోతే ఒక్క వీల్‌తో సరిపోదు. విండోస్‌కు ఒకటి, లినక్స్‌కు ఒకటి, ఇంటెల్ మ్యాక్‌కు ఒకటి, కొత్త ఆర్మ్ మ్యాక్‌కు ఒకటి. వీటిలో ఒక్కోదాన్ని మళ్లీ పైథాన్ వెర్షన్‌కు ఒకటి చొప్పున చేయాల్సి రావచ్చు. చేత్తో చేస్తే వారం పోతుంది. సీఐబిల్డ్‌వీల్ లాంటి పనిముట్టు ఈ పనంతా సర్వర్ల మీద చేసిపెడుతుంది. మీ లైబ్రరీలో ఒక్క లైను సీ కోడ్ ఉన్నా సరే, మొదటి విడుదలకు ముందే దీన్ని పెట్టుకోండి. తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లకూ ఇదే పాఠం. ఫ్రాన్స్‌లో విద్యార్థులు 2008లో మొదలుపెట్టిన గెఫీ, గ్రాఫ్‌ను కళ్లకు కట్టినట్టు గీసి చూపిస్తుంది. జావా మీద నడుస్తుంది. చాలాకాలం కంప్యూటర్‌లో సరైన జావా వెర్షన్ లేకపోతే అది తెరుచుకునేదే కాదు. ఇటీవలి వెర్షన్లలో జావాను లోపలే పెట్టి ఇస్తున్నారు. డౌన్‌లోడ్ సైజు పెరిగితే పెరిగింది, తెరిస్తే తెరుచుకుంటోంది. నా దృష్టిలో అది చాలా మంచి నిర్ణయం.

పేర్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ దెబ్బతిననివాళ్లు తక్కువ. నెట్‌వర్క్‌లో గుంపులను కనిపెట్టే లూవెన్ పద్ధతి 2008లో వచ్చింది. దాన్ని నెట్‌వర్క్‌ఎక్స్‌తో వాడుకునే ఒక ప్యాకేజీని కోడ్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు కమ్యూనిటీ అని రాస్తారు. సహజంగానే మనం, పైపీఐ నుంచి ప్యాకేజీలు దించే పిప్ అనే పనిముట్టుతో, పిప్ ఇన్‌స్టాల్ కమ్యూనిటీ అని కొడతాం. అది ఇన్‌స్టాల్ అవుతుంది కూడా. కానీ వచ్చేది దీనితో ఏ సంబంధమూ లేని వేరే ప్యాకేజీ. మనకు కావాల్సినది పైపీఐలో పైథాన్-లూవెన్ అనే పేరుతో ఉంది. ఇన్‌స్టాల్ చేసే పేరు, ఇంపోర్ట్ చేసే పేరు వేరైతే ఇంత తిప్పలు. మీ లైబ్రరీకి రెండుచోట్లా ఒకే పేరు పెట్టండి. ఆ పేరు పైపీఐలో ఖాళీగా ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి.

ఇక వెర్షన్ నంబర్లు. 2017లో నెట్‌వర్క్‌ఎక్స్ 2.0 వచ్చినప్పుడు, అంతకుముందు లిస్టులు ఇచ్చే ఫంక్షన్లు వ్యూలు (కాపీ చేయకుండా గ్రాఫ్‌లో ఉన్నదాన్నే చూపించేవి) ఇవ్వడం మొదలుపెట్టాయి. అంతకుముందు నోడ్ అని రాసే చోట నోడ్స్ అని రాయాల్సి వచ్చింది. పాతది కొన్నాళ్లు హెచ్చరికతో పనిచేసి, 2019లో 2.4 వెర్షన్‌తో పూర్తిగా పోయింది. పాత పాఠాలు చూసి నేర్చుకునేవాళ్లు ఈరోజుకీ గ్రాఫ్‌కు నోడ్ అనే లక్షణం లేదు అన్న ఎర్రర్ దగ్గర ఆగిపోతున్నారు. మార్పు మంచిదే, కొత్త పద్ధతి మెమరీని ఆదా చేస్తుంది. రచయితలు మొదటి అంకె మార్చి మరీ ముందే హెచ్చరించారు. అంత జాగ్రత్త పడ్డా ఇలా జరిగిందంటే, హెచ్చరిక లేకుండా మార్చేవాళ్ల సంగతి ఆలోచించండి.

ఎర్రర్ వస్తే ఒకరకంగా నయమే, కనీసం తెలుస్తుంది. ఎర్రర్ రాకుండా జవాబు మారితేనే నాకు భయం. ఈ రంగంలో అందరూ వాడే ఒక చిన్న డేటా ఉంది. వేన్ జాకరీ అనే పరిశోధకుడు 1977లో ప్రచురించిన ఒక కరాటే క్లబ్ సభ్యుల స్నేహాల నెట్‌వర్క్ అది. 34 నోడ్లు, 78 ఎడ్జ్‌లు. నెట్‌వర్క్‌ఎక్స్‌లోనూ ఐగ్రాఫ్‌లోనూ ఉంది. రెండిట్లోనూ మొదటి నోడ్, అంటే కరాటే గురువు, బిట్వీన్‌నెస్ అడగండి. నెట్‌వర్క్‌ఎక్స్ 0.4376 దగ్గర చెబుతుంది. ఐగ్రాఫ్ 231.07 అంటుంది. రెండూ సరైనవే! మిగతా 33 మందిలో ఇద్దరిద్దరు చొప్పున 528 జతలు. 231.07ను 528తో భాగిస్తే 0.4376 వస్తుంది. మొదటిది అడగకుండానే భాగించి ఇస్తుంది, రెండోది ఇవ్వదు, అంతే తేడా. ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీకి మారిన పరిశోధకుడు ఈ విషయం గమనించకపోతే తన పట్టికలో ఏం రాసుకుంటాడు?

అందుకే గ్రాఫ్ లైబ్రరీకి ఛేంజ్‌లాగ్, అంటే ఏ వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే జాబితా, రాసేటప్పుడు, డీఫాల్ట్‌గా వచ్చే సంఖ్య ఏ కాస్త మారినా అది మొదటి వరుసలో ఉండాలి. కొత్త ఫీచర్ల సంగతి తర్వాత. లూవెన్ లాంటి పద్ధతుల్లో నోడ్లను ఏ క్రమంలో చూస్తామన్న దాన్నిబట్టి గుంపులు మారుతుంటాయి. కాబట్టి ర్యాండమ్ సీడ్ (ఆ క్రమం ప్రతిసారీ ఒకేలా వచ్చేలా చేసే సంఖ్య) ఇచ్చే వీలు ఉండాలి, ఉదాహరణల్లో ఇచ్చి చూపించాలి.

లైసెన్స్ గురించి క్లుప్తంగా. కోడ్ అందరికీ కనిపించేలా పెట్టినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ అయిపోదు. లైసెన్స్ ఫైల్ లేకపోతే దాన్ని వాడి మార్చి పంచే హక్కు ఎవరికీ ఇచ్చినట్టు కాదు. నెట్‌వర్క్‌ఎక్స్‌ది బీఎస్‌డీ, షరతులు తక్కువ. ఐగ్రాఫ్‌ది జీపీఎల్, దాన్ని కలిపి పంచేవాళ్లు తమ కోడ్‌నూ అవే షరతుల మీద ఇవ్వాలి. ఏది మంచిదన్న వాదనలోకి నేను వెళ్లను. మీరు దేని మీద కడుతున్నారో దాని లైసెన్స్ చదివాకే మీది ఎంచుకోండి.

మళ్లీ ఆ మెసేజ్ దగ్గరికి వస్తాను. డేటా ఫైల్ కలిపేసి, అదే 0.1.0 పేరుతో మళ్లీ ఎక్కిద్దామనుకున్నాను. పైపీఐ ఒప్పుకోలేదు. ఒకసారి ఎక్కిన ఫైల్ పేరును, చెరిపేసినా సరే, మళ్లీ వాడనివ్వదు. అప్పుడు చిరాకొచ్చింది గానీ తర్వాత అర్థమైంది. నిన్న 0.1.0 దించుకున్నవాళ్ల దగ్గర ఒక కోడ్, ఈరోజు దించుకున్నవాళ్ల దగ్గర అదే పేరుతో ఇంకో కోడ్ ఉంటే, ఎవరి ఫలితాన్ని ఎవరు నమ్మాలి? 0.1.1 విడుదల చేశాను. పాతదాన్ని కొత్తవాళ్లకు దొరక్కుండా యాంక్ చేశాను. అప్పటినుంచి ఏ విడుదలైనా ముందు టెస్ట్ పైపీఐలో, అంటే ప్రయోగాల కోసం ఉన్న విడి పైపీఐలో, పెడతాను. సోర్స్‌తో సంబంధం లేని ఖాళీ ఫోల్డర్‌లో కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (మిగతా ప్యాకేజీలతో కలవని విడి పైథాన్ ఏర్పాటు) తయారుచేసుకుని, అక్కడికి దించుకుని, కరాటే క్లబ్ నోడ్లు, ఎడ్జ్‌లు లెక్కపెట్టిస్తాను. పది నిమిషాల పని. అది చేసుంటే ఆ రాత్రే నా తప్పు నాకు దొరికేది.

కొత్త వెర్షన్ పెట్టానని ఆమెకు రాశాను. గంటలో జవాబొచ్చింది: "34, 78 వచ్చాయి మేడమ్." కింద ఇంకో వాక్యం ఉంది. మీ సూచనల్లో ఎన్విరాన్‌మెంట్‌ను యాక్టివేట్ చేసే కమాండ్ లినక్స్‌కే ఇచ్చారు, విండోస్‌లో అది వేరు, రాసి పంపమంటారా అని. పంపమన్నాను. ఆ పేజీలో విండోస్ భాగం ఇప్పటికీ ఆమె రాసినట్టే ఉంది.

ఇప్పుడు మీరంతా లాప్‌టాప్‌లు తెరవండి. కొత్త ఫోల్డర్, కొత్త ఎన్విరాన్‌మెంట్, అందులో ముందు నెట్‌వర్క్‌ఎక్స్, ఆ తర్వాత ఐగ్రాఫ్. రెండిట్లోనూ కరాటే క్లబ్‌ను లోడ్ చేసి నోడ్లు, ఎడ్జ్‌లు ఎన్నో ప్రింట్ చేయండి. 34, 78 రానివాళ్లు చెయ్యెత్తండి, మీ దగ్గరినుంచే మొదలుపెడదాం.