వాయింటాకు పంచాయితీ

అక్క: నమస్తే. ఇయ్యాల ముచ్చట ఆరబిడాప్సిస్. ఆవాల కుటుంబంలోని చిన్న అడవి మొక్క, నాలుగు రేకల తెల్లపూలు. ఆరు వారాల్లోనే గింజ పడుతుంది, అందుకే ల్యాబుల్లో పెంచుతారు. 1982లో సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూత్-7లో, అంతరిక్షంలోనే పూసి గింజ పట్టింది. 2000లో దీని జన్యుపటం...

తమ్ముడు: మన నల్లగొండ ఎండకు బతుకుతదా అక్కా?

అక్క: కష్టమే. చల్లటి చోట్ల మొక్క అది.

తమ్ముడు: మరి దాని చుట్టం వాయింట మన చెల్కల్లో మస్తుగా వస్తది కదా. దాని గురించి చెప్పు.

అక్క: జొన్న, మక్క లెక్కనే ఎండను వాడుకునే పద్ధతి దానిది. ఆ పద్ధతి వరికి తేవాలని శాస్త్రవేత్తలు వాయింటను చదువుతున్నారు.

తమ్ముడు: వాళ్లు చదువుతుంటే మనం గడ్డిమందు కొడుతున్నాం.

అక్క: వచ్చింది గడ్డిమందు!

తమ్ముడు: రానీ అక్కా. పోయిన వానాకాలం పత్తికి తగలకుండా కొట్టమన్నాడు దుకాణాయన. గట్టు ఊసే ఎత్తలేదు. నాలుగు రోజులకు గట్టంతా మాడింది. అమ్మ కూరకని పోయి ఖాళీ కొంగుతో వచ్చింది.

అక్క: ...నాకు చెప్పనే లేదు అమ్మ.

తమ్ముడు: తెల్లపూలది, పచ్చపూలది, రెండూ పోయినయ్.

అక్క: పచ్చపూలది కుక్కవాయింట. అది మనింట్ల వండలేదు.

తమ్ముడు: వండింది! చింతపండు పులుసుల.

అక్క: చేతికి జిగట అంటుతుంది, అమ్మెట్ల కోస్తది? అమ్మ కోసేది అయిదు వేళ్ల ఆకుది. ఉడకబెట్టి, చేదు నీళ్లు పారబోసి, పెసరపప్పుల వేసేది.

తమ్ముడు: నువ్వు హాస్టల్ల ఉన్నవ్ అప్పుడు.

అక్క: తిప్పర్తి బస్సు సంగతి తీయకు మళ్లీ.

తమ్ముడు: తీయను. అయినా రెండిటి కాయలూ ఆవాల కాయల లెక్కనే ఉంటయ్.

అక్క: గోటితో చీల్చి చూడు. ఆవాల కాయ నడుమ ఉల్లిపొర లాంటి తెర ఉంటుంది. వాయింటకు ఉండదు. గింజ కూడా నున్నగా కాదు, నత్తగుల్ల లెక్క చుట్టుకొని గరుకుగా ఉంటుంది. అందుకే వేరే కుటుంబం, కానీ ఆవాలకు దగ్గరి చుట్టరికం.

తమ్ముడు: ఘాటు?

అక్క: అది మాత్రం ఒక్కటే. ఘాటుకు మూలమైన గంధకపు పదార్థం ఆకులో ఒక చోట, దాన్ని విరిచే ఎంజైమ్ ఇంకో చోట ఉంటాయి. నలిపితేనే కలుస్తాయి.

తమ్ముడు: నలపడానికి గట్టు మీద ఆకు మిగలాలి కదా. ఈసారి గట్టు వరకు కొడవలితోనే కోయిస్తా. కూలి ఎక్కువైనా సరే.

అక్క: కోయించు. సగం నేనిస్తా.

తమ్ముడు: కుక్కవాయింట మాత్రం వండింది.

అక్క: వండలేదు.

తమ్ముడు: ఆగు, అమ్మకే ఫోన్ కలుపుతున్నా.

అక్క: పడుకుంటదిరా ఈ యాళ్లకు...

తమ్ముడు: రింగైతుంది. అమ్మా!