నీళ్ల వెలుగులో ఒక్క అణువు

శ్రోతలకు నమస్కారం. పారే నీళ్లలో ఒకే ఒక్క రంగు అణువు కొట్టుకుపోతుంటే, అది విడిచే వెలుగును బట్టి దాన్ని పట్టుకోగలమా? పట్టుకోగలం. 1990లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రిచర్డ్ కెల్లర్ బృందం పట్టుకుంది. అంతకు ముందటేడు మోర్నర్, కాడర్ అనే శాస్త్రవేత్తలు కూడా ఒక్క అణువు జాడ పట్టారు గానీ, అది విపరీతమైన చలిలో, స్ఫటికంలో. ఇవి మామూలు నీళ్లు. అందుకే నాకు ఈ ప్రయోగమంటే ఎక్కువ ఇష్టం.

వాళ్లు ఎంచుకున్న రంగు రోడమిన్ 6జీ. నీళ్ల మీద వేసిన లేజర్ కిరణాన్ని దాటే ఆ కాసేపట్లోనే అణువు మళ్లీ మళ్లీ వెలుగు మింగి, మళ్లీ మళ్లీ ఫోటాన్లు, అంటే వెలుగు రేణువులు, విడుస్తుంది. చిక్కంతా నీళ్లతోనే. ఒక్క ఘన మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నీటిలో నీటి అణువులు దాదాపు 3,300 కోట్లు! ఒక్కొక్కటి చెదరగొట్టే వెలుగు బహు స్వల్పం, కానీ అన్నీ కలిస్తే తక్కువేం కాదు. 1928లో కలకత్తాలో సి.వి. రామన్ చూపించిన వెలుగు కూడా అందులో ఉంటుంది. అది రంగు మారి వస్తుంది కాబట్టి, లేజర్ రంగును ఆపే ఫిల్టరుకు చిక్కదు.

పోనీ, లేజర్ పెంచితే? నీళ్ల వెలుగూ పెరుగుతుంది. పైగా అణువు ఒక ఫోటాన్ విడిచాకే ఇంకొకటి విడవగలదు. దానికో హద్దుంది. నీళ్లకు ఆ హద్దు లేదు.

అందుకే కెల్లర్ బృందం కాలాన్ని నమ్ముకుంది. నీళ్లు వెలుగును అప్పటికప్పుడే చెదరగొడతాయి. రోడమిన్ మాత్రం సగటున 4 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు) ఆగి విడుస్తుంది. లేజర్‌ను అతి చిన్న తునకలుగా పంపి, ఒక్కో తునక వెళ్లిన వెంటనే వచ్చిన ఫోటాన్లను వదిలేసి, ఆలస్యంగా వచ్చినవాటినే లెక్కపెట్టారు. ఎంత చక్కటి ఉపాయం!

ఎందుకింత తాపత్రయం? అణువు లేజర్‌ను దాటేంత సేపట్లో నీళ్ల నుంచి సగటున 100 ఫోటాన్లు వస్తున్నాయనుకోండి. ఇలాంటి లెక్క సగటుకు వర్గమూలమంత ఊగుతుంది. 100కు వర్గమూలం 10, అంటే అటో పది ఇటో పది ఊగడం మామూలే. సగటును తీసేయొచ్చు, ఆ ఊగిసలాటను తీసేయలేం. అణువు ఇచ్చేది 20 అయితే, 120 కనబడగానే దొరికిందనలేం. లక్షల సార్లు లెక్కపెడితే ఒట్టి నీళ్లే 120 చాలాసార్లు ఇస్తాయి. అదే సగటును 4కు దించితే, ఊగేది 2 మాత్రమే. అప్పుడు ఆ 20 స్పష్టంగా కనబడుతుంది.

ప్రయోగం చేయబోయే విద్యార్థులకు ఒక్క మాట. రంగు కలపని నీళ్లను కూడా, రంగు కలిపిన నీళ్లంత సేపే నడపండి. సగటొక్కటే రాసుకుని ఆపకండి. ఒట్టి నీళ్లు ఎన్నిసార్లు, ఎంత ఎత్తుకు ఎగిశాయో కూడా రాసుకోండి.