అడవి నడకకు బయలుదేరే ముందు నీళ్ల లెక్క

(దృశ్యం: నెల్లూరులో ఒక ఇంటి హాలు. నేల మీద దుప్పటి, దాని నిండా సామాన్లు. పక్కన బరువు చూసే మిషన్.)

నాలుగు రోజుల అడవి నడకకు బ్యాగు సర్దుతున్నాం. నా మొదటి నడకకి నేను 17 కిలోలు మోసుకెళ్లాను. రెండో పూటకే భుజాలు కమిలిపోయాయి. ఆ పొరపాటు మీరు చెయ్యకూడదనే ఈ వీడియో.

అన్నింటికన్నా ముందు నీళ్లు. బ్యాగు బరువు మీ బరువులో ఐదో వంతు దాటకూడదు. అంటే 60 కిలోల మనిషికి 12 కిలోలు. గంటకు అర లీటరు తాగుతారనుకున్నా, ఆరు గంటల నడకకి మూడు లీటర్లు. రాత్రి వంటకీ, తాగడానికీ ఇంకో రెండు. మొత్తం ఐదు లీటర్లు, అంటే ఐదు కిలోలు. ఇక మిగిలింది ఏడే. గుడారం, దుప్పటి, గిన్నె, స్వెటర్, నాలుగు రోజుల తిండి అన్నీ అందులోనే ఇమడాలి.

(క్లోజప్: జీన్స్ ప్యాంటు తీసి పక్కన పెట్టడం.)

అందుకే ఈ జీన్స్ వద్దు. తడిసిందంటే ఒక పట్టాన ఆరదు. అటుకులు, వేయించిన పల్లీలు, బెల్లం, ఓఆర్‌ఎస్ పొట్లాలు మాత్రం తప్పకుండా పెట్టుకోండి.

ఈ ఐదు లీటర్లు ఒక్క రోజుకే. రెండో రోజుకి దారిలో నీళ్లు దొరకాలి. కాబట్టి ఎన్ని కిలోమీటర్లు నడవాలన్నది తర్వాత చూద్దాం. సాయంత్రానికి ఏ వాగు దగ్గరికి చేరతామో ముందు అది తేల్చుకోవాలి. మ్యాపులో నీలం గీత కనిపించినంత మాత్రాన వాగులో నీళ్లున్నట్టు కాదు. కొండకింద ఊళ్లో గొర్రెల కాపరిని అడగండి. ఏ చెలమలో నీళ్లున్నాయో, ఏది ఎండిందో ఆయన వారం లెక్కన చెప్తాడు. దొరికిన నీళ్లు తెర్లేదాకా కాచి, ఆ తెర్లు ఒక్క నిమిషమైనా నిలిచాకే తాగండి.

మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అవి వెళ్లాక జనవరి, ఫిబ్రవరి నెలల్లో వాగుల్లో నీళ్లుంటాయి, ఎండ కూడా ఓర్చుకోవచ్చు. ఏప్రిల్, మే అయితే వద్దే వద్దు.

అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది, ఎలుగుబంట్లు తిరుగుతాయి. ఇటు దోర్నాల వైపు నల్లమల పులుల అభయారణ్యం. రేంజ్ ఆఫీసుకు వెళ్లి, ఏ దారి తెరిచి ఉందో, రాత్రి ఉండనిస్తారో లేదో అడగండి. ఊరి మనిషి ఒకరు తోడుంటే సగం టెన్షన్ పోతుంది.

(దృశ్యం: ఉదయగిరి కొండ, తెల్లవారుజాము.)

నిండు బ్యాగుతో ఒక రోజు రిహార్సల్ చెయ్యండి. మా బ్యాచ్ ఉదయగిరి దుర్గం ఎక్కుతుంది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడి మొదలుపెట్టి, మరుసటి ఏడు గానీ పట్టుకోలేకపోయిన కొండ ఇది. ఎక్కుతుంటే ఎందుకో మోకాళ్లకి అర్థమవుతుంది. నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు: ఐదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట. బరువుతో, మన ఎండలో, దానికి సగం కలుపుకోండి.

(క్లోజప్: మడమ.)

ఇది చూడండి, అర్ధరూపాయంత ఎర్రటి మచ్చ. ఇంకా బొబ్బ కాలేదు. మడమ వేడెక్కినట్టు అనిపించగానే ఆగి, బూటు విప్పి, టేప్ అంటించాలి. మాలో ఒకతను అందరినీ ఆపడం ఎందుకులే అని సాయంత్రం దాకా ఓర్చుకున్నాడు. మర్నాడు అతని బ్యాగు మేం మోశాం. కొత్త బూట్లయితే నెల ముందు నుంచే వేసుకోండి.

పాము కరిస్తే కోయొద్దు, కట్టు బిగించొద్దు. కాలు కదలనివ్వకుండా మోసుకొచ్చి 108కి ఫోన్ చెయ్యండి.

చివరగా ఒక కాగితం. ఏ దారిన వెళ్తున్నారు, ఏ రాత్రి ఎక్కడ ఉంటారు, ఏ రోజు ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారు, చెయ్యకపోతే ఇంట్లోవాళ్లు ఏ రేంజ్ ఆఫీసుకు చెప్పాలి, అన్నీ రాయండి. అమ్మకి చదివి వినిపించి, ఫ్రిజ్ తలుపుకి అంటించి, అప్పుడు బస్సెక్కండి.